అగ్గిపెట్టె యజమానులు

ఉదయమున దేవునియెదుట దీపము వెలిగించునప్పుడును, సంధ్యవేళ తులసికోటలో ప్రమిద నుంచునప్పుడును మన చేతిలోనికి వచ్చు వస్తువు అగ్గిపెట్టె. జమాఖర్చు పుస్తకములో దీనికై ప్రత్యేకముగా పద్దు వ్రాయు గృహిణి యరుదు. పసుపు, చింతపండు, మిరపకాయలు మొదలగు సరకులతోపాటు ఇదియు సంచిలో పడి యింటికి వచ్చును. ఇట్టి యల్పవస్తువును గుఱించి యింత దీర్ఘముగా వ్రాయనేల యని సోదరీమణులు ప్రశ్నింపవచ్చును.

మేము వ్రాయుటకు కారణమిది. మన యిండ్లలో వాడు సబ్బులు, పానీయములు, కుట్టుయంత్రములు మొదలగు వస్తువులను చేయు కర్మాగారములలో కొన్ని పరదేశీయుల చేతిలోనికి పోయినవి. కొన్ని వారి పోటీకి నిలువలేక మూతపడినవి. కొన్ని యెదిరించి నిలిచినవి. పరదేశీయులు వచ్చినచో మన పరిశ్రమలు నశించునని కొందఱును, వారు వచ్చిననే బాగుపడునని కొందఱును వాదించుచుందురు. ఇందేది నిజమో తెలిసికొనుటకు ఒక్క వస్తువు చరిత్రను మొదటినుండి తుదివఱకు చూచుట మంచి మార్గము. అందుకు అగ్గిపెట్టెకంటె తగిన వస్తువు మాకు కనబడలేదు. దీని కథలో స్వీడన్ దేశపు కోటీశ్వరుడొకడు కలడు. శివకాశి కూలిస్త్రీలు కలరు. వీరి నడుమ తరతరములుగా సాగిన పోటీయు కలదు. కర్మాగారమునకు తాళము పడిననాడు మొదట చల్లారునవి ఆ యూరి పొయ్యిలే గావున, ఈ విషయము స్త్రీలకు సంబంధింపనిదని యెవ్వరును తలంపరాదు.

అగ్గిపుల్ల పుట్టుక

పూర్వము మన యిండ్లలో నిప్పు ఆఱిపోకుండ కుంపటిలో నివురు కప్పి దాచెడివారు. ఆఱినచో పొరుగింటికి పోయి పిడకమీద నిప్పు తెచ్చుకొనెడివారు. 19వ శతాబ్దమున ఐరోపాలో అగ్గిపుల్ల పుట్టి యీ శ్రమను తీర్చినది. కాని తొలినాటి పుల్లలకొనకు తెల్ల భాస్వరము పూసెడివారు. అది యెచ్చట గీసినను మండును, పైగా విషము. దాని యావిరి పీల్చిన కార్మికులకు దవడయెముక కుళ్ళి, ముఖము వికృతమై, ప్రాణము పోవుటయు కలదు.

1844లో స్వీడన్ దేశస్థుడగు గుస్తాఫ్ ఎరిక్ పాష్ అను రసాయన శాస్త్రజ్ఞుడు విషములేని యెఱ్ఱ భాస్వరమును పుల్లకుగాక పెట్టె ప్రక్కకు పూయు పద్ధతిని కనిపెట్టెను. ఆ దేశమందలి యోన్‌షోపింగ్ పట్టణమున లుండ్‌స్ట్రోమ్ సోదరులు ఆ పద్ధతిని చక్కదిద్ది లోకమునకంతకు సరకు పంపిరి. నేడు మనము పెట్టెప్రక్కను గీచిననే వెలుగు పుల్లకు మూలమిదియే.

ఐనను చౌకయైన తెల్ల భాస్వరమును ఇతర దేశముల కర్మాగారములు వెంటనే విడువలేదు. 1888లో లండను నగరమందలి బో అను పేటలో, బ్రయంట్ అండ్ మే వారి అగ్గిపుల్లల కర్మాగారమున పనిచేయు స్త్రీలును బాలికలును సుమారు 1400 మంది పని మానివేసిరి. స్వల్పమైన కూలిలో జరిమానాలు కోయుటయు, భాస్వరము నిండిన గదులలోనే యన్నము తినవలసి వచ్చుటయు వారి ఫిర్యాదులు. వారి పక్షమున కలము పట్టిన యామె అనీ బిసెంటు. తరువాత మన దేశమునకు వచ్చి, 1915లో మదనపల్లెలో కళాశాలను స్థాపించిన యామెయు ఈమెయే. ఆ పేదస్త్రీల పట్టుదలవలన జరిమానాలు పోయెను. 1906లో బెర్న్ నగరమున కొన్ని దేశములు కూడి తెల్ల భాస్వరపు పుల్లలను నిషేధింప నొడంబడినవి. మన దేశమున 1913లో అట్టి నిషేధచట్టము వచ్చినది. బో పేటలోని యీ కర్మాగారమును పాఠకురాండ్రు జ్ఞాపకముంచుకొందురుగాక. దాని తుదికథ మఱల చెప్పవలసి యున్నది.

లోకమునకు అగ్గి నమ్మిన మనుష్యుడు

1917లో ఐవార్ క్రూగర్ అను స్వీడన్ దేశీయుడు తన దేశమందలి అగ్గిపెట్టెల కర్మాగారములను ఒక్క కూటమిగా చేర్చి స్వీడిష్ మ్యాచ్ అను సంస్థను నెలకొల్పెను. మొదటి మహాయుద్ధానంతరము ఐరోపా ప్రభుత్వములు ధనములేక తల్లడిల్లుచుండ, అతడు వాటికి అప్పులిచ్చి, ప్రతిఫలముగా ఆ దేశములలో అగ్గిపెట్టెలు చేసి యమ్ము సర్వహక్కులను కోరెను. 1925లో పోలండుతో నిట్టి యొడంబడిక జరిగినది. 1929లో జర్మనీకి పండ్రెండున్నర కోట్ల డాలర్లు అప్పిచ్చుటకు అంగీకరించెను. ఒక దశలో లోకమున తయారగు అగ్గిపుల్లలలో సగమునకు పైగా అతని యధికారమునకు లోబడి యుండెను.

ఇంతటివాని దృష్టి హిందూదేశముపై పడకుండునా? మనకప్పుడు అగ్గిపెట్టెలు ముఖ్యముగా స్వీడన్ నుండియు జపాను నుండియు ఓడలలో వచ్చుచుండెను. 1895లో అహమ్మదాబాదులో ఒక కర్మాగారము పుట్టినది. వంగదేశమున స్వదేశీ యుద్యమకాలమున మఱికొన్ని పుట్టినవి. కాని చౌకగా వచ్చు పరదేశపు సరకుముందు ఇవి నిలువలేకపోయినవి. అట్టి స్థితిలో 1922లో ప్రభుత్వము తన రాబడికై దిగుమతియగు అగ్గిపెట్టెలపై సుంకమును గ్రోసుకు ఒక రూపాయి యెనిమిది యణాలు చేసెను. గ్రోసనగా 144 పెట్టెలు. లెక్కించి చూచినచో పెట్టెకు రెండు పైలు, అనగా అణాలో ఆఱవ వంతు పడును. ఇది స్వల్పముగా తోచవచ్చును. కాని అంతటి చౌకవస్తువునకు అది పెద్ద గోడయే. ఆ గోడ నీడలో బొంబాయి, కలకత్తా ప్రాంతములందు దేశీయుల కర్మాగారములు పెక్కులు తలయెత్తినవి.

అంతట స్వీడిష్ సంస్థ చేసిన పని గమనింపదగినది. గోడను దాటి సరకు పంపుట నష్టమైనచో, గోడలోపలనే యిల్లు కట్టుకొనిన సరిపోవునని అది తలచెను. 1923లో వెస్టర్న్ ఇండియా మ్యాచ్ కంపెనీ పుట్టినది. దీనినే జనులు విమ్‌కో యనిరి. బొంబాయి యొద్ద అంబర్‌నాథ్, ఉత్తరమున బరేలీ, తూర్పున కలకత్తా, అస్సాములో ధుబ్రి, చెన్నపట్టణమునొద్ద తిరువొత్తియూరు అను చోట్ల దాని కర్మాగారములు వెలసినవి. కూలివారు మనవారు; యజమాని పరదేశి. దిగుమతి సుంకము ఓడలో వచ్చు పెట్టెలకేగాని ఈ పెట్టెలకు లేదు. 1928లో వచ్చిన అగ్గిపెట్టెల పరిశ్రమ రక్షణ చట్టముకూడ దేశములో తయారగు సరకునకు రక్షణ మిచ్చెను; యజమాని యెవ్వరని యడుగలేదు.

దీనివలన కలిగిన ఫలితము రెండు విధములు. ఒకవైపున వేలకొలది మన జనులకు పని దొరకినది. యంత్రములు నడుపు నేర్పు వచ్చినది. మంచి పుల్ల చౌకగా లభించినది. మఱియొకవైపున, ఆ సంస్థ ధరలు తగ్గించి తమ గొంతు నులుముచున్నదని దేశీయ యజమానులు మొఱపెట్టుకొనిరి. వారి మొఱలను టారిఫ్ బోర్డువారు విచారించిరి. పరదేశపు సంస్థకు గల బలము చూడుడు: దానికి స్వంత యంత్రములు కలవు, రసాయన జ్ఞానము కలదు, ఉత్తరదేశముల మెత్తని కఱ్ఱ తెప్పించు సామర్థ్యము కలదు, ఒక దేశమున నష్టము వచ్చినను వేఱొక దేశపు లాభముతో పూడ్చుకొను వసతి కలదు. ఒక్క కర్మాగారమును నమ్ముకొన్న దేశీయునకు ఈ వసతి లేదు. కొన్ని మాసములు ధర పడిపోయినచో అతని కొట్టమునకు తాళము పడును. ఇట్లు దేశీయ కర్మాగారములు పెక్కులు కనుమఱుగయ్యెను.

శివకాశి త్రోవ

అన్నియు నట్లు నశించియుండినచో మన కథ ఇచ్చటనే ముగిసియుండును. కాని దక్షిణమున, వానలు సరిగా కురియని నల్లరేగడి సీమలో, శివకాశి యను చిన్న యూరు వేఱొక త్రోవ త్రొక్కినది. 1920 దశకపు తొలినాళ్ళలో ఆ యూరివారైన పి. అయ్య నాడార్, ఎ. షణ్ముగ నాడార్ అను బంధువులు ఇరువురు కలకత్తాకు పోయి అగ్గిపుల్లల పని నేర్చి వచ్చిరి. వారిని చూచి మఱికొందఱును, సాత్తూరు, కోవిల్‌పట్టి ప్రాంతములవారును ఈ పనిలో దిగిరి. అక్కడి పల్లెలలో తరతరములుగా తెలుగు మాటలాడు కుటుంబములును పెక్కులు కలవు.

విమ్‌కో వారి యంత్రములతో తామును యంత్రములు పెట్టి పోటీపడినచో ఓడిపోవుట నిశ్చయము. శివకాశివారు పనిని చిన్న చిన్న తునుకలు చేసి చేతులకు పంచిపెట్టిరి. మెత్తకఱ్ఱ పుల్లలు ముఖ్యముగా మలయాళ దేశమునుండి వచ్చును. వానిని ఒకటొకటిగా చట్రములలో అమర్చుట స్త్రీల పని. అమర్చిన చట్రమును కరగిన మైనములోను, పిమ్మట మందులోను ముంచి ఆరబెట్టుదురు. పలుచని చెక్కనో అట్టనో మడచి పెట్టెలు చేయుట, చీటీ లంటించుట, పుల్లలు నింపుట మొదలగునవి వేఱు చేతుల పని. పెట్టెలు చేయు పని యిండ్లలో, పసిబిడ్డ నుయ్యెలయొద్ద కూర్చుండియు సాగును. వానలేమి సేద్యమునకు శాపమేగాని మందు ఆరుటకు వరమైనది. పెద్ద కట్టడము అక్కఱలేదు. పెద్ద పెట్టుబడి అక్కఱలేదు. ధర పడిపోయినచో కొట్టము కొన్నాళ్ళు మూసి మఱల తెఱవవచ్చును. యంత్రములకై అప్పుచేసినవాడు అట్లు మూసి కూర్చుండ లేడు.

1934లో అగ్గిపెట్టెలపై ఎక్సైజు సుంకము వచ్చెను. స్వాతంత్ర్యానంతరము ప్రభుత్వము చిన్న కర్మాగారములకును చేతిపనికిని ఈ సుంకములో తగ్గింపు నిచ్చెను. అగ్గిపెట్టెల తయారీని చిన్న పరిశ్రమలకు ప్రత్యేకించిన వస్తువుల పట్టికలోనికి చేర్చెను. ఇందువలన విమ్‌కో కొత్తగా విస్తరించుటకు వీలులేకపోయెను. చేతి నేర్పు, చౌక కూలి, ప్రభుత్వపు అండ అను మూటి బలముతో శివకాశి, సాత్తూరు, కోవిల్‌పట్టి, చిత్తూరు జిల్లా పొరుగుననున్న గుడియాత్తము అను నూళ్ళు క్రమముగా దేశపు అగ్గిపెట్టెలలో అధికభాగమును చేయునవియైనవి.

ఈ విజయమును పొగడి యూరకుండుట న్యాయము కాదు. ఆ చౌక కూలిలో పసిబిడ్డల చేతులును ఉండెను. తెల్లవాఱకముందే పల్లెలనుండి బండ్లలో తీసికొనిపోబడి, బడి యెఱుగక పుల్లలమర్చిన బాలికలు ఆ సీమలో వేలకొలదిగా నుండిరి. 1986లో వచ్చిన బాలకార్మిక నిషేధ చట్టము అగ్గిపెట్టెల తయారీని బాలలను పెట్టరాని పనులలో చేర్చెను. శివకాశి పిల్లల విషయమై ఎం. సి. మెహతా వేసిన వ్యాజ్యమున, 1996 డిసెంబరు 10వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము, చట్టము మీఱి బాలలను పనిలో పెట్టిన యజమాని బిడ్డకు 20,000 రూపాయల చొప్పున చెల్లింపవలెనని తీర్పు చెప్పెను. స్వదేశీయుని కర్మాగారమైనంత మాత్రమున అది ధర్మముగా నడచునని మనము భ్రమపడరాదు. దవడ కుళ్ళిన లండను బాలికయు, బడి కోల్పోయిన శివకాశి బాలికయు ఒక్క చౌకపెట్టె కొఱకే బలియైనవారు.

యజమాని పోయెను, కర్మాగారము నిలిచెను

1932 మార్చి 12వ తేదీన పారిసు నగరమున ఐవార్ క్రూగర్ తుపాకితో కాల్చుకొని మరణించెను. అతని లెక్కలలో అబద్ధములు పెక్కులు బయటపడినవి. అతని సామ్రాజ్యము దివాలా తీసినది. ఇంతటి పిడుగు పడినను విమ్‌కో కర్మాగారములలో యంత్రములు ఆగలేదు. ఏలయన ఆ కర్మాగారముల సరకునకు ఇచ్చట గిరాకి కలదు; వానికి లాభము కలదు; ఇట్టి యాస్తిని అప్పులవాండ్రు కూడ మూయరు, నడిపించుకొందురు. స్వీడిష్ మ్యాచ్ సంస్థయు పునర్నిర్మితమై బ్రదికినది.

దీనికి సరిగా వ్యతిరేకమైన కథ ఇంగ్లండులో జరిగినది. 1888లో స్త్రీలు పోరాడిన బో కర్మాగారము 1979లో మూతపడినది. ఆ కట్టడములు తరువాత నివాసగృహములైనవి. బ్రయంట్ అండ్ మే వారికి లివర్‌పూలు నగరమున గార్‌స్టన్ అనుచోట మఱియొక కర్మాగారముండెను. 1987లో ఆ సంస్థ స్వీడిష్ మ్యాచ్ చేతిలోనికి వచ్చినది. 1994 డిసెంబరులో లివర్‌పూలు కర్మాగారము మూయబడినది. దానితో బ్రిటనులో అగ్గిపెట్టెలు చేయు చివరి కర్మాగారము పోయెను. ఆంగ్లేయులకు ప్రియమైన స్వాన్ వెస్టాస్ పెట్టెలు ఆనాటినుండి స్వీడన్‌లో తయారై వచ్చుచుండెను. పెట్టెపైనున్న హంసబొమ్మ మాఱలేదు. పనిచేయు చేతులు మాత్రము మాఱినవి. జనులు లైటర్లు వాడసాగినందున అగ్గిపెట్టెల గిరాకి తఱిగినది. గిరాకి తఱిగినప్పుడు రెండు కర్మాగారములు గల యజమాని ఒకటి చాలునని తలచును. ఏది యుంచవలెను, ఏది మూయవలెనని అతడు లెక్క వేయును. ఆ లెక్కలో లివర్‌పూలు ఓడెను.

అట్లని స్వీడన్ వారు తమ యూళ్ళయెడ మాత్రము పక్షపాతము చూపిరని తలంపవలదు. అగ్గిపెట్టెకు పుట్టినిల్లగు యోన్‌షోపింగ్ పట్టణముననే 20వ శతాబ్దపు ఉత్తరార్ధమున ఉత్పత్తి నిలిచిపోయెను. పని ఆ దేశములోని తిదహోల్మ్ పట్టణమునకు చేరెను. యోన్‌షోపింగ్‌లో పాత కర్మాగారపు కట్టడము నేడు అగ్గిపెట్టెల ప్రదర్శనశాల.

శాస్త్రజ్ఞుల లెక్క

ఈ విషయమును ఆర్థిక శాస్త్రజ్ఞులు లెక్కలతో పరిశీలించిరి. అమెరికా దేశపు కర్మాగారముల పుట్టుకచావులను లెక్కించిన బెర్నార్డ్, జెన్సన్ అనువారి పరిశోధన 2007లో ప్రకటితమైనది. పలు దేశములలో వ్యాపించిన సంస్థల కర్మాగారములు సామాన్యముగా ఇతర కర్మాగారములకంటె తక్కువగా మూతపడునని వారు కనుగొనిరి. కాని అందుకు కారణము అవి పెద్దవియు, పాతుకొనినవియు, సామర్థ్యము గలవియు నగుటయే. అదే వయస్సు, అదే పరిమాణము, అదే సామర్థ్యము గల రెండు కర్మాగారములను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో, పలుదేశముల సంస్థకు చెందినదే యెక్కువగా మూతపడును. ఐర్లండు దేశమున పరదేశీయుల కర్మాగారములను గుఱించి గోర్గ్, స్ట్రోబుల్ అనువారు చేసిన పరిశోధనయు ఇట్టి నిర్ణయమునకే వచ్చినది.

మన యింటి మాటలలో చెప్పినచో ఇది సులభముగా బోధపడును. ఒక్క యిల్లు మాత్రమే గలవాడు కప్పు కాఱినచో అప్పుచేసియైనను ఆకు కప్పించును. గోడ పగిలినచో తానే సున్నము మెత్తును. ఏలయన అది పోయిన అతనికి నిలువ నీడ లేదు. పది యిండ్లు గలవాని యిల్లు మొదటినుండియు గట్టిది. దాని దూలములు టేకువి. కాని అది కాఱనారంభించినచో అతడు లెక్కచూచి యమ్మివేయును. అందున్నవారు ఎంత శుభ్రముగా నూడ్చుకొన్నను, ఎంత సకాలమున అద్దె చెల్లించినను, అతని లెక్కలో అది పదింటిలో నొకటి. పరదేశీయుని కర్మాగారము టేకు దూలముల యిల్లు. పోటీ వచ్చునంతవఱకు అది బలమైనది. గిరాకి తఱిగిననాడు దాని బ్రదుకు దూరదేశమునందలి యొక కాగితముమీది యంకెలపై నాధారపడును.

విమ్‌కో తుదికథ

విమ్‌కో స్వాతంత్ర్యానంతరము చాలకాలము నడచినది. కఱ్ఱ కొఱకు ఉత్తరదేశపు తరాయి ప్రాంతమున రైతులచేత పాప్లరు చెట్లు నాటించినది. గోధుమ చేల గట్లపై నిలిచిన ఆ చెట్లు నేటికిని ఆ రైతులకు రాబడి నిచ్చుచున్నవి. ఒక పరదేశపు సంస్థ వచ్చుటవలన పుట్టి, ఆ సంస్థ పోయినను మిగిలిన మేలు ఇది.

కాని ఒకవైపున శివకాశివారి చౌక పెట్టె, మఱియొకవైపున గ్యాసు పొయ్యిలతోపాటు వంటయింటికి వచ్చిన లైటరు, ఈ రెంటి నడుమ విమ్‌కో నలిగిపోయెను. 2005లో స్వీడిష్ మ్యాచ్ సంస్థ తన భాగమును ఐ.టి.సి. వారికి అమ్మి వెడలిపోయెను. ఇట్లు విమ్‌కో పరదేశీయుల చేతినుండి మన దేశపు సంస్థ చేతిలోనికి వచ్చెను. అంతట కర్మాగారములన్నియు సుఖముగా నుండెనా? లేదు. ధుబ్రి కర్మాగారము మూతపడినట్లే బరేలీ కర్మాగారమును మూతపడెను. ఐ.టి.సి. వారు తమ గుర్తులతో అమ్ము పెట్టెలను శివకాశి ప్రాంతపు చిన్న కర్మాగారములనుండియు కొనుచుండిరి. తక్కువ ఖర్చుతో ఇతరులు చేయు సరకును తానేల చేయవలెనను లెక్క స్వదేశీయునకును తెలిసినదే. పైగా ఆ ఐ.టి.సి. సంస్థలో అతిపెద్ద వాటాదారు బ్రిటిష్ అమెరికన్ టొబాకో అను ఆంగ్ల సంస్థయే. స్వదేశి, పరదేశి అను గీత ఎంత సన్ననిదో దీనినిబట్టి గ్రహింపవచ్చును. విమ్‌కోను విక్రయించిన స్వీడిష్ మ్యాచ్ సంస్థకూడ 2022లో ఫిలిప్ మారిస్ ఇంటర్నేషనల్ అను మఱియొక పెద్ద సంస్థ వశమయ్యెను.

త్యాగరాజస్వామి త్రిపురసుందరిని కీర్తించిన తిరువొత్తియూరులో నేడొక పేటయు, రైలు స్టేషనును విమ్‌కో నగర్ అను పేరుతో నున్నవి. 2021లో చెన్నై మెట్రో రైలు కూడ అచ్చటికి పోవనారంభించినది. ఆ స్టేషనులో దిగువారిలో ఆ పేరెట్లు వచ్చినదో ఎఱిగినవారు ఎందఱుందురో!

గెలిచినవారి కష్టములు

పరదేశపు సంస్థ వెడలిపోయినంత మాత్రమున శివకాశికి శాంతి లభింపలేదు. చిన్న పరిశ్రమలకు ప్రత్యేకించిన వస్తువుల పట్టికను ప్రభుత్వము కొంచెము కొంచెముగా కుదించుచు వచ్చి, 2015లో చివరకు మిగిలిన 20 వస్తువులను తొలగించెను. ఊరగాయలు, రొట్టెలు, కొవ్వొత్తులు, బట్టల సబ్బు, అగరువత్తులు, గాజుల వంటి మన గృహోపయోగ వస్తువులతోపాటు అగ్గిపెట్టెయు ఆ తుది పట్టికలో నుండెను. 2017లో వస్తుసేవల పన్ను వచ్చినప్పుడు చేతిపెట్టెకు నూటికి 5, యంత్రపు పెట్టెకు నూటికి 18 చొప్పున పన్నుండెను. 2020 ఏప్రిల్ 1వ తేదీనుండి రెంటికిని ఒక్కటే పన్ను, నూటికి 12 చేసిరి. చేతిపనికి అండగా నిలిచిన భేదము అంతటితో పోయెను. స్వదేశీయులే యంత్రములు పెట్టి స్వదేశీయులతో పోటీపడసాగిరి. చేతిపని కొట్టములు పెక్కులు మూతపడెను. పరదేశీయుని నెదిరించి నిలిచినవారు పొరుగువాని యంత్రముముందు నిలువలేకపోయిరి.

మందుదినుసులు, మైనము, అట్ట మొదలగువాని ధరలు పెరిగినందున, 2007నుండి రూపాయికే యమ్ముచున్న పెట్టెను 2021 డిసెంబరు 1వ తేదీనుండి రెండు రూపాయలు చేసిరి. పదునాలుగు సంవత్సరములు ధర మాఱని వస్తువు మన వంటయింటిలో వేఱొకటి కలదా? అంతలో పరదేశములనుండి వచ్చిన, వాడి పాఱవేయు ప్లాస్టిక్ లైటర్లు పాన్ కొట్లలో నిండెను. శివకాశి, కోవిల్‌పట్టివారి విన్నపములపై 2023 జూనులో కేంద్రప్రభుత్వము 20 రూపాయలకు లోబడిన లైటర్ల దిగుమతిని నిషేధించెను. 1922లో సుంకపు గోడ, 2023లో నిషేధపు గోడ. గోడ కట్టినప్పుడెల్ల దానిలోపల ఎవ్వరు ఇల్లు కట్టుకొందురో కనిపెట్టి చూచుట మంచిదని ఈ చరిత్ర మనకు చెప్పుచున్నది.

మనము గ్రహింపవలసినది

పరదేశీయుడు యజమాని యగుటచేతనే కర్మాగారము చావదు. స్వదేశీయుడు యజమాని యగుటచేతనే బ్రదుకదు. క్రూగరు మరణించినను విమ్‌కో నిలిచెను. స్వదేశీయుల చేతికి వచ్చిన పిమ్మట దాని బరేలీ కర్మాగారము పోయెను. ఐనను యజమాని యెవ్వరైన నొక్కటేయని మేము చెప్పము. దూరదేశపు యజమాని రాక బలమునిచ్చును, అతని పోక ఆకస్మికము. మంచి దినములలో అతని నేర్పును మనవారు నేర్చుకొనవలెను; పాప్లరు చెట్లవలె, అతడు పోయినను మనయొద్ద మిగులునట్టిది సంపాదించుకొనవలెను. శివకాశిని నిలిపినది ఇట్టిదే. కలకత్తాలో నేర్చిన పని, ఆ సీమ యెండ, ఇంటింటికిని వ్యాపించిన చేతినేర్పు: వీనిని ఓడలోనెక్కించి తీసికొనిపోవుట యెవ్వరికిని సాధ్యము కాలేదు.

మఱి గృహిణులుగా మన మేమి చేయగలము? రెండు రూపాయల పెట్టెతో దేశపు పరిశ్రమను ఉద్ధరింపుడని మేము ప్రబోధింప బూనలేదు. కాని ఏ వస్తువైనను మితిమీఱి చౌకగా దొరకినప్పుడు, మిగిలిన వెల ఎవ్వరు చెల్లించిరని ఒక్కసారి విచారించుట మన కర్తవ్యము. ఒక కాలమున అది పసిబిడ్డ చెల్లించినది. మన యూరి సమీపమున గొప్ప కర్మాగారము పరదేశపు ధనముతో వెలసినప్పుడు, మన బిడ్డలకు అందు కూలి మాత్రమే దొరకుచున్నదా, పనియు నేర్పుచున్నారా యని యడుగవలెను. కూలి ఆ కర్మాగారమున్నంతవఱకే. నేర్పు దాని తరువాతను అన్నము పెట్టును.

ఈమాఱు అంగడినుండి అగ్గిపెట్టె వచ్చినప్పుడు దానిని త్రిప్పి చూడుడు. ఒక ప్రక్కను చిన్న యక్షరములలో తయారీ స్థలము అచ్చువేయబడి యుండును. శివకాశి, సాత్తూరు, కోవిల్‌పట్టి, గుడియాత్తము అను పేర్లలో నొకటి తఱచుగా కనబడును. ఆ పేరు వెనుక చట్రముముందు కూర్చున్న మనవంటి స్త్రీలు కలరు. వారి కొట్టము రేపు తెఱచునో లేదో అను చింత వారికి నిత్యము కలదు. ఆ సంగతి యెఱిగి పుల్ల గీచినచో, మన దీపము వెలుగులో వారి ముఖములును కొంచెము కనబడునని మా నమ్మకము.